చుట్టు చుట్టుకీ ఒక లెక్క

మేదరి బుట్టలో బద్దలు ఒకదాని కిందుగా ఒకటి, మీదుగా ఒకటి పోతూ ఒకదాన్నొకటి బిగించి పట్టుకుంటాయి. అది అల్లిక. అమెరికా నైరుతి మూలన, ఆరిజోనా కొండల్లో అపాచీ ఆడవాళ్ళు చేసిన చుట్టుబుట్టలో ఆ అల్లిక కనిపించదు. అక్కడ ఉన్నదంతా కుట్టే. మూడు సన్నటి పుల్లల్ని కలిపి పట్టుకుని, గుండ్రంగా చుట్టుకుంటూ పోతారు. ప్రతి కొత్త చుట్టునీ దాని కింద చుట్టుకి కుట్టేస్తారు. బిహార్ సిక్కీ గడ్డి బుట్టల్నీ, ఉత్తరప్రదేశ్ మూంజ్ బుట్టల్నీ చూసినవాళ్ళకి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. కాకపోతే అక్కడ చుట్టు లోపల ఉండేది గడ్డి, ఎటు వంచితే అటు ఒదుగుతుంది. అపాచీ బుట్ట లోపల ఉండేవి పుల్లలు. అవి మాట వినవు, వినేలా చెయ్యాలి.

అపాచీలంటే ఒకే తెగ కాదు. ఆరిజోనాలోని శాన్ కార్లోస్, వైట్ మౌంటెన్ ప్రాంతాల వాళ్ళని పశ్చిమ అపాచీలంటారు. న్యూ మెక్సికోలోని హికారియాలు, మెస్కలేరోలు వేరు. అన్నిచోట్లా బుట్ట ఆడవాళ్ళ పనే, కానీ చేతివాటం మాత్రం ఎవరిది వాళ్ళదే. నేను చెప్పబోయేది ముఖ్యంగా పశ్చిమ అపాచీల బుట్ట గురించి. నమూనా విషయంలో దాన్ని మించింది ఆ ఎడారి చుట్టుపక్కల లేదని నా అభిప్రాయం. పొరుగున ఉండే పీమాల బుట్టల్ని ఇష్టపడేవాళ్ళు దీనికి ఒప్పుకోరు. పోనివ్వండి.

పూర్వం వాళ్ళది ఒకేచోట పాతుకుని ఉండే బతుకు కాదు. చలికాలం పల్లపు లోయల్లో, వేసవికి కొండల మీది మొక్కజొన్న చేల దగ్గర. మధ్యలో ఓక్ గింజలు ఏరుకోవడం, కిత్తనార జాతి మొక్కల బోదెలు గుంటల్లో కాల్చుకోవడం, సగ్వారో జెముడు పళ్ళు కోసుకోవడం. ఇంత తిరుగుడులో కుండ ఎన్నాళ్ళు బతుకుతుంది? బుట్ట అయితే కిందపడినా పగలదు, మోయడానికి బరువూ కాదు. వెడల్పాటి చుట్టుబుట్ట వాళ్ళకి చేటా, పళ్ళెమూ, మంగలమూ కూడా. గింజలతో పాటు నిప్పుకణికలు కూడా అందులోనే వేసి, క్షణం ఆపకుండా ఎగరేస్తూ వేపేవాళ్ళు. చెయ్యి ఆగితే బుట్ట మాడిపోతుంది. నీళ్ళు మోసే బుట్టలకి పిన్యాన్ పైన్ చెట్టు బంక పూసేవాళ్ళు. వీపున మోసే గంపలకి తోలు కుచ్చులూ, నడుస్తుంటే గలగలమనే రేకు గొట్టాలూ వేలాడేవి. ఆడపిల్ల పెద్దమనిషైనప్పుడు చేసే నాలుగు రోజుల వేడుకలో ఆ గంప ఇప్పటికీ ఉంటుంది. అయితే నీటి బుట్టా, వీపు గంపా అల్లినవి, కుట్టినవి కావు. కాబట్టి వాటిని ఇక్కడితో వదిలేద్దాం.

కుట్టుడు బుట్టకి కావలసిన సరుకు నదుల ఒడ్డున దొరుకుతుంది. విల్లో, కాటన్‌వుడ్, ఒక్కోసారి సుమాక్ పొదలు. పక్క కొమ్మలు వెయ్యకుండా నిటారుగా లేచిన లేత రెమ్మలే పనికొస్తాయి. వసంతంలో ఆకు వెయ్యకముందో, శరత్కాలంలో ఆకు రాలాకో కోస్తారు. కొన్నిటిని బెరడు తీసి పుల్లలుగానే ఉంచుతారు, అవి చుట్టు లోపలికి. మిగతావాటిని కుట్టడానికి బద్దలుగా చీలుస్తారు. చీల్చే పనిముట్లు రెండు చేతులూ, పళ్ళూ. రెమ్మ మొదలుని మూడుగా చీల్చి ఒక పాయని పళ్ళతో బిగపట్టి, మిగతా రెండూ చెరో చేత్తో లాగుతారు. లాగే బలాన్ని సర్దుకుంటూ పోతే మూడు పాయలూ కొసదాకా సమానంగా విడిపోతాయి. తర్వాత లోపలి గుజ్జు తీసేసి, గీకి, వెడల్పు సరిచేసి, చుట్టలుగా చుట్టి దాచుకుంటారు. పని మొదలుపెట్టే ముందు తడుపుతారు. చూడ్డానికి ఇదంతా వంటకి ముందు చేసే తయారీలా కనిపిస్తుంది గానీ, బుట్ట మంచిదో కాదో సగం తేలిపోయేది ఇక్కడే. బద్ద ఒకచోట లావు, ఒకచోట సన్నం అయితే తర్వాత ఎంత నేర్పుగా కుట్టినా నమూనా వంకరపోతుంది.

నలుపు సంగతి మరీ విశేషం. అపాచీ బుట్టలో నలుపు రంగు వేసింది కాదు. ఇంగ్లీషులో డెవిల్స్ క్లా అనే మొక్క కాయ నుంచి వలిచిన నార అది. ఆ కాయని మన పల్లెల్లో పెరిగినవాళ్ళు చప్పున పోల్చుకోగలరు. బీళ్ళలో, గట్ల మీద గరుడముక్కు అనీ తేలుకొండి అనీ పిలిచే మొక్క ఉంటుంది కదా, మెక్సికో నుంచి మన నేలకి వచ్చి స్థిరపడిపోయింది. డెవిల్స్ క్లా దాని కుటుంబమే. కాయ ఎండి విచ్చుకుంటే రెండు పొడుగాటి కొక్కేలు బయటికొస్తాయి. వాటిని నానబెట్టి, పైపొరని నల్లటి నారగా వలుస్తారు. ఒక్కో కొక్కేనికి వచ్చేది కొద్దిపాటి నారే, అదీ పొట్టిది. అందుకే నల్లటి భాగం కుట్టేటప్పుడు మాటిమాటికీ కొత్త నార అందుకోవాలి. ఆరిజోనా దక్షిణాన ఓదామ్ జాతుల రైతులు తరాల తరబడి విత్తనం ఎంచుకుంటూ పొడుగు కొక్కేలుండే రకాన్నే సాగులోకి తెచ్చారు. తిండి కోసం కాకుండా బుట్ట నార కోసం మచ్చికైన పంట అది! రంగు కాదు కాబట్టి ఆ నలుపు వెలవదు. చుట్టూ ఉన్న విల్లో తెలుపు వందేళ్ళలో తేనె రంగుకి తిరుగుతుంది, నలుపు నలుపుగానే ఉంటుంది. నార గట్టిది కూడా. నేలకి ఒరుసుకునే బుట్ట అడుగుని చాలాసార్లు నల్లటి బిళ్ళగా మొదలుపెట్టడంలో అందంతో పాటు ఈ ఉపయోగమూ ఉంది. అప్పుడప్పుడు యక్కా వేరు నుంచి తీసిన ఎరుపు కూడా వాడతారు, పొదుపుగా.

ఇక కుట్టు. మూడు పుల్లల్లో రెండు పక్కపక్కన, ఒకటి వాటి మీద, ముక్కోణంగా కూర్చుంటాయి. బద్ద ఈ మూడిటినీ చుట్టి వచ్చి, కింది చుట్టులోని పై పుల్లని పట్టుకుంటుంది. పట్టుకోవాలంటే అక్కడ ముందు బెజ్జం పడాలి. దానికి చెప్పులు కుట్టే ఆరెలాంటి మొనదేలిన పనిముట్టు, పూర్వం ఎముకది, తర్వాత ఉక్కుది. బెజ్జం పొడవడం, బద్ద దూర్చడం, లాగి బిగించడం. ఒక కుట్టు పూర్తయింది. సూదికి దారం ఉన్నట్టు ఇక్కడ ఆరెకి బద్ద ఉండదు. పొడిచే చెయ్యి వేరు, దూర్చే చెయ్యి వేరు. మంచి పశ్చిమ అపాచీ బుట్టలో అంగుళానికి నాలుగైదు చుట్లు, పది పన్నెండు కుట్లు ఉంటాయి.

ఈ అంకెల్ని ఒక్కసారి కాగితం మీద పెట్టి చూడండి. పదహారు అంగుళాల అడ్డుకొలత ఉన్న బల్లపరుపు పళ్ళెం అనుకుందాం. అంగుళానికి ఐదు చుట్ల లెక్కన నడిమి నుంచి అంచుకి నలభై చుట్లు. చుట్టంతా విప్పి పరిస్తే ఎనభై అడుగులు దాటుతుంది. అంగుళానికి పన్నెండు కుట్ల లెక్కన మొత్తం పన్నెండు వేల కుట్లు. అంటే పన్నెండు వేల బెజ్జాలు. చివరి ఒక్క చుట్టుకే ఆరు వందల కుట్లు పడతాయి.

కానీ నన్ను ఆశ్చర్యపరిచేది ఆ పన్నెండు వేలు కాదు. ఓపిక చాలామందికి ఉంటుంది. అసలు లెక్క ఇంకోటుంది: ఇదే పళ్ళెంలో ప్రతి చుట్టూ దాని ముందు చుట్టు కన్నా సుమారు పదిహేను కుట్లు ఎక్కువ అడుగుతుంది. నడిమి నుంచి ఐదు రేకుల నక్షత్రం విచ్చుకోవాలంటే ఆ పదిహేను ఐదు భాగాలుగా, భాగానికి మూడు చొప్పున, చుట్టు చుట్టుకీ పంచుకుంటూ పోవాలి. రేకు వెడల్పవుతుంటే నలుపుకి ఎక్కువ, కొసకి సన్నబడుతుంటే తెలుపుకి ఎక్కువ. పైగా నిజం బుట్ట బల్లపరుపుగా ఉండదు. పక్కలు పైకి లేస్తుంటే పెరిగే కుట్లు తగ్గుతూ వస్తాయి, లెక్క మళ్ళీ మారుతుంది. ముగ్గు వేసేవాళ్ళు ముందు చుక్కలు పెట్టుకుంటారు. ఇక్కడ చుక్కలు లేవు, గీత లేదు, కాగితం మీద నమూనా లేదు. ఐదో రేకు దగ్గరికొచ్చేసరికి చోటు చాలకపోతే చెరపడానికి వీల్లేదు. విప్పితే నార చెడుతుంది, బెజ్జాలు మిగులుతాయి. ఇంకా పుట్టని బుట్ట మొత్తం మనసులో ఉంటే తప్ప మొదటి నల్ల కుట్టు ఎక్కడ వెయ్యాలో తెలియదు.

అందుకే ఈ బుట్టల్లో నమూనా బుట్ట మీద వేసిన బొమ్మ కాదు, బుట్ట కట్టుబడిలోంచి పుట్టింది. ఏటవాలు గీత ఈ పనికి సహజంగా వస్తుంది. ప్రతి చుట్టులో నలుపుని రెండు మూడు కుట్లు పక్కకి జరిపితే చాలు, గీత నడుస్తుంది. అపాచీ బుట్టల నిండా మెలికలు తిరిగే గీతలూ, మెట్లు మెట్లుగా పేర్చిన ముక్కోణాలూ, గళ్ళూ ఉండటానికి కారణం ఇదే. వంపు గీత దాదాపు కుదరదు, మెట్లుగా విరిగిపోతుంది. కాబట్టి మనుషుల బొమ్మలు పెట్టినప్పుడు భుజాలు పలకలుగా, చేతులు కొయ్యల్లా ఉంటాయి. గుర్రాలకీ కుక్కలకీ కాళ్ళు నిటారు. ఇది గీయడం రాకపోవడం అనుకుంటే పొరపాటు. చుట్టు ఒప్పుకున్నంతవరకే బొమ్మ. చుట్టు ఒప్పుకోనిదాన్ని బలవంతం చెయ్యకపోవడమే ఆ చేతుల తెలివి.

ఇంకోటి చూడాలి. చుట్టుబుట్టలో నిజమైన వలయం ఎక్కడా ఉండదు, నడిమి నుంచి అంచుదాకా ఒకటే సర్పిలం. నల్లటి పట్టీ ఒకటి గుండ్రంగా కుట్టుకొస్తే, తిరిగి మొదటి చోటుకి చేరేసరికి అది ఒక చుట్టు పైకి ఎక్కి ఉంటుంది. అక్కడ ఒక చిన్న మెట్టు పడాల్సిందే. మ్యూజియం అద్దం ముందు నిలబడి ఆ మెట్టు కోసం వెతకండి. నేర్పున్న మనిషి దాన్ని ఏ రేకు చాటునో, ఏ గడి మూలనో దాచేస్తుంది. కనిపెట్టడానికి కాసేపు పడుతుంది, కనిపెట్టాక ఆవిడ మీద గౌరవం పెరుగుతుంది. అంచు దగ్గర చుట్టు సన్నబడుతూ కింది చుట్టులో కలిసిపోయే తీరు కూడా అలాంటిదే.

ఈ పనికి శిఖరం ఆ పెద్ద బానలు. స్పానిష్ మాటతో ఒల్లాలంటారు. అడుగు చిన్నది, పొట్ట పెద్దది, మెడ సన్నం, మూతి మళ్ళీ విచ్చుకుంటుంది. కొన్ని మూడడుగుల ఎత్తు. చెయ్యడానికి నెలలు, పెద్దవాటికి ఏడాది పట్టిన సందర్భాలూ ఉన్నాయి. పళ్ళెంలో లెక్క ఒకవైపే పెరుగుతుంది. బానలో అడుగున పెరిగి, పొట్ట దగ్గర నిలిచి, భుజం దాటాక తగ్గుతూ, మూతి దగ్గర మళ్ళీ పెరుగుతుంది. ఆ మారే ఒంటి మీద ఏటవాలు గీతలు ఒకదాన్నొకటి దాటుకుంటూ వలలాగా పరుచుకుంటాయి. వల గళ్ళలో మనుషులు, జింకలు, కుక్కలు, శిలువలు. పొట్ట మీద గడి పెద్దది, మెడ మీద చిన్నది, అయినా వల ఎక్కడా తెగదు. బొమ్మ ఎక్కడ మొదలుపెడితే గడి నడిమికి వస్తుందో ముందే తెలియాలి. పాత భవనాల మీద చిత్రాల గురించి పుస్తకాలకి పుస్తకాలు రాసిన లోకం ఈ బానల్ని చాలాకాలం చేతిపనుల అరలో పెట్టి ఊరుకుంది. అది అన్యాయం.

ఇక్కడో చేదు నిజం. ఈ బానల్లో గొప్పవి చాలావరకు 1880ల నుంచి 1920ల దాకా చేసినవి. అంటే అపాచీల చరిత్రలో అతి కష్టకాలంలో. శాన్ కార్లోస్ రిజర్వేషన్, అంటే వాళ్ళని ఉంచడానికి ప్రభుత్వం హద్దులు గీసి కేటాయించిన ప్రాంతం, ఏర్పడింది 1872లో. ఒకరితో ఒకరికి పొసగని గుంపుల్ని కూడా తెచ్చి ఆ వేడి పల్లంలో కుక్కారు. 1875 ఫిబ్రవరిలో క్యాంప్ వెర్డే నుంచి సుమారు పదిహేను వందల మంది యావపాయ్, టోంటో అపాచీలని చలిలో నూట ఎనభై మైళ్ళు నడిపించి అక్కడికి తోలుకొచ్చారు. మనుషులకి గుంపు గుర్తూ నంబరూ కొట్టిన లోహపు బిళ్ళలిచ్చారు. రేషన్ కోసం వరస కట్టాలి. 1886 సెప్టెంబరులో అపాచీ యోధుడు జెరోనిమో లొంగిపోవడంతో అమెరికా సైన్యంతో యుద్ధాలు ముగిశాయి. కదలడానికి వీల్లేని బతుకులో చెయ్యడానికి మిగిలిన కొద్ది పనుల్లో, చేతికి నాలుగు డబ్బులొచ్చే కొద్ది పనుల్లో బుట్ట ఒకటి.

కొనేవాళ్ళు సిద్ధంగానే ఉన్నారు. మొదట సైనికాధికారులు, వర్తకులు, తర్వాత రైళ్ళలో దిగిన యాత్రికులు. ఆ రోజుల్లో అమెరికన్ ఇళ్ళలో ఇండియన్, అంటే అక్కడి ఆదివాసుల, వస్తువులకని ఒక మూల కేటాయించుకోవడం మోజు. ఫ్రెడ్ హార్వీ కంపెనీ 1902లో ఆల్బకర్కీ స్టేషన్ పక్కన తన హోటల్‌ని ఆనుకుని ఇండియన్ కళావస్తువుల భవనమే తెరిచింది. అమ్మకానికి చేశారు కాబట్టి ఇవి అసలు సిసలు సంప్రదాయం కాదని ముఖం చిట్లించేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నాకు ఆ వాదం రుచించదు. గింజలు వేపుకోవడానికి మూడడుగుల బాన అవసరం లేదు. ఆ పొట్ట మీద ఏమి చెయ్యగలరో చూపే అవకాశం సంతలోనే దొరికింది. బేరానికి నాసిరకం చేసినవాళ్ళూ ఉండి ఉంటారు. కానీ కళ్ళ ముందున్న మంచి బాన చేసిన మనిషి కొనేవాడికి అవసరమైన దానికన్నా ఎంతో ఎక్కువ కష్టపడిందని కుట్లే చెబుతున్నాయి. అంత సన్నటి కుట్టు చూసి మెచ్చే కన్ను ఆ యాత్రికుడికి ఉందా? పక్క గుడిసెలో కుట్టుకుంటున్న ఇంకో ఆడమనిషికి మాత్రం తప్పకుండా ఉంది.

కొనేవాళ్ళకి బుట్టతో పాటు ఒక కథ కూడా కావలసి వచ్చింది. ఈ మెలిక మెరుపు, ఆ ముక్కోణం మేఘం, ఇదేదో ప్రార్థన అని చెబితే సరుకు త్వరగా కదిలేది. దీనికి పరాకాష్ఠ అపాచీల కథ కాదు, నెవాడాలో వాషో తెగకి చెందిన డాట్ సో లా లీ కథ. 1925లో చనిపోయిన ఆ బుట్టల మహా శిల్పి పేరు లోకానికి తెలియడానికి కార్సన్ సిటీ వర్తక దంపతులు కోన్‌లు కారణం. ఆమె నమూనాలకి చెప్పిన గంభీరమైన అర్థాల్లో చాలా భాగం ఆ వర్తకుడి భార్య కల్పించినవేనని పరిశోధకులు తర్వాత తేల్చారు. అపాచీ నమూనాలకి అర్థాలు లేవని నేననడం లేదు. వాళ్ళ వేడుకల్లో బుట్టకి ఉన్న చోటు వాళ్ళకి తెలుసు, బయటివాళ్ళకి చెప్పాల్సిన అవసరం వాళ్ళకి లేదు. కానీ బొమ్మ కింద రాసిన అర్థం చదివి తృప్తిపడి వెళ్ళిపోయేవాడు కుట్టుని చూడటం మానేస్తాడు. హెలెన్ రాబర్ట్స్ 1929లో ప్రచురించిన శాన్ కార్లోస్ బుట్టల అధ్యయనం ఇప్పటికీ పనికొస్తోందంటే, ఆవిడ సరుకునీ పద్ధతినీ బొమ్మనీ ఓపిగ్గా దగ్గరికెళ్ళి చూడటం వల్లే.

మన కన్నుకి చటుక్కున తగిలే గుర్తు ఒకటుంది, స్వస్తిక. అపాచీ, నవాహో, హోపీ పనుల్లో అది పాతది, మన స్వస్తికతో దానికి చుట్టరికం లేదు. నాజీలు దాన్ని జెండాకెక్కించాక, 1940 ఫిబ్రవరిలో నవాహో, పాపాగో, అపాచీ, హోపీ తెగల ప్రతినిధులు కలిసి ఇకపై తమ బుట్టల్లో, దుప్పట్లలో, నగల్లో దాన్ని వాడబోమని పత్రం మీద సంతకాలు చేశారు. అది ఉన్న అపాచీ బుట్ట కనిపిస్తే దాదాపుగా అంతకుముందుదే అనుకోవచ్చు.

మిగతా అపాచీల పని గురించి క్లుప్తంగా. హికారియాలు సుమాక్ పుల్లలు తరచు ఐదేసి కలిపి లావుపాటి చుట్టు చుడతారు, పిడులు పెడతారు, రసాయనిక రంగులతో ధగధగలాడిస్తారు. అంచు జడలా ఉంటుంది. మెస్కలేరోలది పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చిన వెడల్పాటి, చదునైన చుట్టు, కుట్టు యక్కా ఆకుతో. పసుపు, లేత ఆకుపచ్చ కలిసిన పెద్ద నక్షత్రాలు. దూరం నుంచి చూడ్డానికి మెస్కలేరో బుట్టే ముందు కంటబడుతుంది, దగ్గరికెళ్తే పశ్చిమ అపాచీ బుట్ట వదలదు. శాన్ కార్లోస్‌లో పాతికేళ్ళు కలిసి బతికిన యావపాయ్‌ల బుట్టల్ని అపాచీల నుంచి వేరు చెయ్యడం నిపుణులకే కష్టం. రెండిటికీ అవే మూడు పుల్లలు, అదే నలుపు.

1930ల నాటికి ఈ పని తగ్గిపోయింది. ఏడాది పనికి వచ్చే డబ్బు కన్నా కూలిపనికి వచ్చేది నయమైంది. నదులూ మారాయి. హీలా నది మీద 1930లో ప్రారంభించిన కూలిడ్జ్ డ్యామ్ నీళ్ళలో పాత శాన్ కార్లోస్ ఊరు మునిగిపోయింది. ఆనకట్టలూ, నీటి తోడకాలూ, పశువుల మేతా, బయటి నుంచి వచ్చి ఒడ్లని ఆక్రమించిన టామరిస్క్ పొదలూ కలిసి విల్లోని వెనక్కి నెట్టేశాయి. వీపు గంప వేడుక కోసం బతికింది. పెద్ద బాన బతకలేదు. ఒడ్డున రెమ్మ లేకపోతే ఎంత గొప్ప చెయ్యీ ఏమీ చెయ్యలేదు.

ఫీనిక్స్, చాండ్లర్ చుట్టుపక్కల ఇవాళ తెలుగు కుటుంబాలు బోలెడున్నాయి. సెలవు దొరికితే గ్రాండ్ కాన్యన్‌కో లాస్ వేగస్‌కో కార్లు కదులుతాయి. ఫీనిక్స్ నడిబొడ్డున 1929 నుంచి హర్డ్ మ్యూజియం ఉంది. టూసాన్‌లో ఆరిజోనా స్టేట్ మ్యూజియం దగ్గరున్న బుట్టల సంపద అమెరికాలోకెల్లా పెద్దవాటిలో ఒకటి. తూర్పుగా గ్లోబ్ ఊరు దాటి వెళ్తే శాన్ కార్లోస్ రిజర్వేషన్ మీద పెరిడాట్‌లో అపాచీలే నడిపే సాంస్కృతిక కేంద్రం ఉంది. పాత బుట్టల కింద చీటీల్లో ఎక్కువగా తెగ పేరూ కాలమూ తప్ప మనిషి పేరుండదు, ఎవరూ అడిగి రాసుకోలేదు. విదేశాల్లో చవగ్గా చేయించిన నకళ్ళు కూడా దుకాణాల్లో తిరుగుతుంటాయి. అందుకని ఎప్పుడైనా అక్కడ బుట్ట కొంటే చేసినవాళ్ళ దగ్గరే కొనండి, లేదా చేసినవాళ్ళ పేరు చెప్పగలిగిన చోట కొనండి. ఆ పేరు బిల్లు మీద రాయించుకుని, బిల్లుని బుట్టలోనే ఉంచండి.